సన్నబడే మందుకు డాక్టరు చీటీ ఎందుకు?

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

మన తెలుగులో ‘మందు’ అనేది చాలా పెద్ద సంసారం వున్న మాట. జ్వరానికి వేసుకునేదీ మందే, చేలో పురుగుకు కొట్టేదీ మందే. పైరుకు చల్లే యూరియాను కూడా మా వూళ్లో మందనే అంటారు. తుపాకిలో కూరేదీ, టపాకాయలో నింపేదీ మందే. ఇక సాయంత్రం పూట కొందరు పెద్దలు చాటుగా పుచ్చుకునేదాని సంగతి సరేసరి. ఈ అర్థాల్లో కొన్ని ఒక్క పదార్థం చుట్టూనే తిరిగిన సందర్భం రసాయన శాస్త్ర చరిత్రలో వుంది. దాని పేరు డైనైట్రోఫినాల్. అది ప్రేలుడు మందులో వాడిన పదార్థం. దాని దగ్గర చుట్టం డైనైట్రో ఆర్థో క్రెసాల్ పురుగుమందు, కలుపుమందు. కొన్నేళ్లపాటు డైనైట్రోఫినాల్ సన్నబడే మందుగా కూడా అమ్ముడుపోయింది!

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒళ్లు తగ్గించే మందుల గురించి. అందులోనూ ప్రభుత్వాలు లెక్క రాయించి, డాక్టరు సంతకం వుంటేనే అమ్మనిచ్చే మందుల గురించి. “ఒళ్లు నాది, డబ్బు నాది. ఒక మాత్ర వేసుకోవటానికి మధ్యలో డాక్టరుకూ సర్కారుకూ ఏం పని?” అని మన హాస్టల్లో మిత్రులు అడగ్గా చాలాసార్లు విన్నాను. సబబైన ప్రశ్నే. కాని దీనికి జవాబు ఒక్క చట్టం పుస్తకంలోనే దొరకదు. సగం మన జీవరసాయన శాస్త్ర పాఠంలో వుంది. మిగతా సగం, చీటీ లేకుండా మందు మింగి నష్టపోయిన అభాగ్యుల కథల్లో వుంది.

పవర్‌హౌసుకు గండి

ముందు పాఠం సంగతి చూద్దాం. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థమూ, ఒంట్లో నిలవవున్న కొవ్వూ చివరికి కణంలోని మైటోకాండ్రియాకే చేరతాయి. అక్కడ వాటి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు మెట్టుమెట్టుగా దిగుతూ ఆక్సిజన్‌ను చేరుకుంటాయి. ఆ దిగటంలో విడుదలైన శక్తితో ప్రోటాన్లు లోపలిపొరకు అవతల పోగవుతాయి, డ్యాము వెనక నీళ్లు నిలిచినట్టు. ఆ ప్రోటాన్లు తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఒక ఎంజైము టర్బైనులాగా తిరిగి ఏ.టి.పి.ని తయారుచేస్తుంది. 1961లో ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన పీటర్ మిచెల్‌కు 1978లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

డైనైట్రోఫినాల్ ఈ పొరకు గండి కొడుతుంది. ప్రోటాన్లు టర్బైను దారిన రాకుండా అడ్డదారిన జారిపోతాయి. డ్యాములో నీళ్లు ఖర్చవుతుంటాయి గాని కరెంటు రాదు. పాపం, ఒళ్లు కొవ్వును మండించి మండించి ప్రోటాన్లను తోడుతూనే వుంటుంది. ఆ శక్తి అంతా వేడిగా మారిపోతుంది. మనిషి సన్నబడతాడు, నిజమే. కాని మోతాదు మించితే ఒంటి వేడి అదుపు తప్పి ప్రాణం మీదికి వస్తుంది. కాలవకు గండి పడితే ఇసుక బస్తాలు వేసి పూడుస్తాం. ఈ గండిని పూడ్చే విరుగుడు మందు లేదు.

చీటీ లేని రోజుల్లో

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్సు దేశపు ప్రేలుడు మందు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు చిక్కిపోవటం, ధారగా చెమటలు పట్టటం, కొందరు చనిపోవటం వైద్యులు గమనించారు. కారణం డైనైట్రోఫినాలే. 1933లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు దీనితో బరువు తగ్గించవచ్చని ప్రకటించారు. వారిలో ఒకరైన టెయింటర్ అంచనా ప్రకారమే 1934 నాటికి ఆ దేశంలో కనీసం లక్షమంది దాన్ని వాడారు. చీటీ అవసరం లేదు. షాపులో అడిగితే యిచ్చేవారు. ఆ తర్వాత వేడెక్కి చనిపోయినవాళ్ల వార్తలు మొదలయ్యాయి. 1935 నుంచి, పడుచు వయసు ఆడవాళ్ల కళ్లల్లో శుక్లాలు కమ్మటం బయటపడింది. అప్పటి చట్టానికి మందుల్ని ముందుగా పరీక్షించమని అడిగే అధికారమే లేదు. 1938లో కొత్త చట్టం వచ్చాకే ఆ మందు మనుషులకు పనికిరాదని ఆపగలిగారు.

ఖర్చు పెంచే మందు పోయింది. ఆకలి చంపే మందు వచ్చింది. ఆంఫెటమిన్‌ను 1887లోనే ఎదెలెయాను అనే రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేశాడు. అది నాడుల చివర నారెడ్రినలిన్‌నూ, డోపమిన్‌నూ వెలికి తెప్పిస్తుంది. గుండె వేగం హెచ్చుతుంది, నిద్ర రాదు, ఆకలి చచ్చిపోతుంది. గేదె పొడవటానికి వస్తున్నప్పుడు ఎవరికైనా ఆకలి గుర్తుంటుందా? అదీ సూత్రం. ఈ పద్ధతిలో చిక్కు ఏమంటే, కొన్నాళ్లకు శరీరం అలవాటుపడుతుంది. ఆకలి తిరిగొస్తుంది, మోతాదు పెంచాలనిపిస్తుంది. మానేస్తే నీరసం, దిగులు. అంటే మందు వ్యసనమైపోతుంది. 1960లలో అమెరికాలో ‘ఇంద్రధనుస్సు మాత్రలు’ అని రంగురంగుల బిళ్లలు అమ్మేవారు. ఆంఫెటమిన్‌తోపాటు థైరాయిడ్ మందు, గుండె మందు డిజిటాలిస్, నీరుడు మందు కలిపి యిచ్చేవారు. వాటివల్ల మరణాలు జరిగాయని 1968లో అక్కడి సెనేట్ విచారణ జరిపింది. 1970లో నియంత్రిత పదార్థాల చట్టం వచ్చి, అలవాటుపడే ప్రమాదాన్ని బట్టి మందుల్ని అయిదు జాబితాలుగా విడగొట్టింది. మరుసటి ఏడాది ఆంఫెటమిన్‌ను కట్టుదిట్టమైన రెండో జాబితాలో పెట్టారు.

డాక్టర్లు చీటీ రాసినా ఆపద తప్పని సందర్భాలున్నాయి. ఫెన్‌ఫ్లూరమిన్, ఫెంటెర్మిన్ అనే రెండు మందుల్ని కలిపి వాడటం 1990లలో అమెరికాలో పెద్ద వెర్రి అయింది. 1996 ఒక్క సంవత్సరంలో ఈ మందులకు కోటీ 80 లక్షలకు పైగా చీటీలు రాశారు. 1997లో, ఈ జంటను వాడిన 24 మంది స్త్రీలలో గుండె కవాటాలు చెడిపోవటాన్ని మేయో క్లినిక్ వైద్యులూ మరికొందరూ కలిసి వెల్లడించారు. ఆ సెప్టెంబరులోనే ఫెన్‌ఫ్లూరమిన్‌ను మార్కెట్టు నుంచి తీసేశారు. దాని నుంచి ఒంట్లో పుట్టే పదార్థం కవాటాల మీది సెరటోనిన్ గ్రాహకాలను రెచ్చగొడుతుందని తర్వాత తేలింది. కవాటం తప్పు ఆ మందుదే గనుక ఫెంటెర్మిన్ మాత్రం మిగిలింది. గుండెజబ్బు వున్నవాళ్లకు హాని ఎక్కువని తేలిన సిబుట్రమిన్ 2010లో అమెరికాలో వెళ్లిపోయింది. మన దేశంలో 2011 ఫిబ్రవరిలో నిషేధించారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, డాక్టరు అడిగే ప్రతి ప్రశ్నా ఎవరో ఒకరు నష్టపోయాక చేర్చిందే అని చూపటానికి.

అమెరికాలో మా బావ తెచ్చుకున్న చీటీ

ఫెంటెర్మిన్‌ను అమెరికాలో 1959లో అనుమతించారు. దాని నిర్మాణం చూస్తే ఆంఫెటమిన్‌కు ఒక్క మిథైల్ గ్రూపు ఎక్కువ, అంతే తేడా. ఉద్రేకపరిచే గుణం తక్కువ గనుక నాలుగో జాబితాలో పెట్టారు. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా మేనత్త కొడుకు ఆ మందు వాడాడు. ఎలా యిచ్చారు బావా అని ఫోన్లో అడిగాను.

“మాత్ర చేతికి రావటానికి మూడు వారాలు పట్టిందిరా” అన్నాడు. ముందు ఎత్తూ బరువూ చూశారు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు. కిలోల్ని మీటర్ల వర్గంతో భాగిస్తే వచ్చేది శరీర ద్రవ్యరాశి సూచిక. 92ని 2.89తో భాగిస్తే 31.8. అక్కడి నియమం ప్రకారం 30 దాటాలి, బి.పి., షుగరు లాంటివుంటే 27 చాలు. లెక్క సరిపోయింది. అయినా డాక్టరు చీటీ రాయలేదు. రెండుసార్లు పిలిచి బి.పి. చూశారు, ఇ.సి.జి. తీశారు. షుగరుకూ థైరాయిడ్‌కూ రక్తం పరీక్ష చేశారు. తర్వాత ప్రశ్నలు. గుండెజబ్బు వుందా? కంటిలో నీటికాసులు వున్నాయా? దిగులుకు ఏమైనా మందులు వాడుతున్నావా? గత 14 రోజుల్లో ఎం.ఎ.ఓ. నిరోధకాలు మింగావా? తాగుతావా? ఎప్పుడైనా మత్తుమందుకు అలవాటుపడ్డావా?

“ఆ తాగే ప్రశ్నకు నువ్వేం చెప్పావు బావా?”

“పక్కన మీ అక్క వుందిరా, నిజమే చెప్పాను” అన్నాడు.

ఆ తర్వాత డాక్టరు ఆ రాష్ట్రం వాళ్ల కంప్యూటరులో చూశాడు. ఈ మనిషి మరో డాక్టరు దగ్గర కూడా యిలాంటి మందు రాయించుకున్నాడా అన్న లెక్క అందులో వుంటుంది. అప్పుడు రాసింది 30 మాత్రలు. పొద్దున్నే వేసుకోవాలి, సాయంత్రం వేసుకుంటే నిద్ర పట్టదు. నాలుగు వారాలకు మళ్లీ రావాలి. కేంద్ర చట్టం ప్రకారం నాలుగో జాబితా చీటీ మీద ఆరు నెలల్లోగా అయిదుసార్లకు మించి మళ్లీ నింపకూడదు. ఆ డాక్టరు అంతకూడా యివ్వలేదు. మందుల షాపులో ఫొటో వున్న కార్డు చూపమన్నారట. సీసా మీద, ఈ మందును ఎవరికోసం రాశారో వారికి తప్ప మరొకరికి యివ్వటం నేరమని హెచ్చరిక కూడా అంటించారు.

మూడు నెలల్లో బావ అయిదు కిలోలు తగ్గాడు. బి.పి. కాస్త పెరగటం చూసి డాక్టరు మందు ఆపేశాడు. “మందు నీకు ఆకలి లేని మూడు నెలలు యిచ్చింది. ఈ మూడు నెలల్లో నేర్చుకున్న తిండి అలవాటే మిగిలేది” అన్నాడట. పరిశోధనల లెక్కలు కూడా అలాగే వున్నాయి. ఉత్తి మాత్ర మింగినవారికన్నా ఫెంటెర్మిన్ వాడినవారు ఆరు నెలల్లో సగటున మూడున్నర కిలోలు మాత్రమే ఎక్కువ తగ్గారు. ఇంత కట్టుదిట్టం మధ్య వచ్చే లాభం అది!

ఒక మాట. అమెరికా నుంచి చుట్టాలు వస్తుంటే “ఆ సన్నబడే మాత్రలు నాలుగు పట్టుకురండి” అని అడిగేవాళ్లున్నారు. ఫెంటెర్మిన్ 1971 నాటి అంతర్జాతీయ ఒడంబడికలోనూ, మన దేశపు 1985 మాదకద్రవ్యాల చట్టంలోనూ జాబితాకెక్కిన పదార్థం. సెంటు సీసా తెచ్చినట్టు తెచ్చే వస్తువు కాదు.

మన చీటీలో ఏముండాలి?

మన దేశంలో 1940 నాటి ఔషధాల చట్టం, 1945 నాటి నియమాలు ఈ సంగతి చూస్తాయి. వాటిలో ‘హెచ్’ షెడ్యూలు మందుల్ని రిజిస్టర్డ్ డాక్టరు చీటీ లేకుండా చిల్లరగా అమ్మకూడదు. 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన ‘హెచ్ 1’ మందులకైతే షాపువాడు డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు, పరిమాణం ప్రత్యేకం ఒక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. అన్నిటికన్నా కట్టుదిట్టమైనది ‘ఎక్స్’ షెడ్యూలు. ఆంఫెటమిన్, ఒకప్పుడు సన్నబడటానికి వాడిన ఫెన్‌మెట్రజిన్ అందులో వున్నాయి. వాటికి చీటీ రెండు ప్రతులు రాయాలి. ఒక ప్రతి షాపులో రెండేళ్లు వుంచాలి. మందును వేరే బీరువాలోనో సొరుగులోనో తాళం వేసి పెట్టాలి.

చీటీ అంటే ఏదో ఒక కాగితం ముక్క కాదు. డాక్టరు స్వదస్తూరీ సంతకం, తేదీ, రోగి పేరూ చిరునామా, ఎంత మందు, ఏ మోతాదు అన్నీ వుండాలి. మళ్లీ యివ్వమని డాక్టరు రాస్తే తప్ప ఒక చీటీమీద ఒక్కసారే మందు యివ్వాలి. చీటీ తలమీద రాసే ‘ఆర్ ఎక్స్’ గుర్తు లాటిన్ మాట నుంచి వచ్చింది. ‘తీసుకో’ అని దాని అర్థం.

ఇక్కడ మన పల్లెటూళ్ల చిక్కు ఒకటి వుంది. చట్టంలో ఆర్.ఎమ్.పి. అంటే రిజిస్టరు అయిన వైద్యుడు. మా వైపు ఆర్.ఎమ్.పి. అంటే సైకిలు మీదో మోటారు సైకిలు మీదో వచ్చి సూది వేసే ఆయన. అర్ధరాత్రి తేలు కుట్టినా, జ్వరం కాసినా ముందు పలికేది ఆయనే గనుక నేను చులకన చెయ్యను. కాని చట్టం చెప్పే మూడక్షరాలు వేరు, ఆయన బోర్డు మీది మూడక్షరాలు వేరు. ఈ తేడా మా వూళ్లో చదువుకున్నవాళ్లకే తెలియదు.

దీనివల్ల ఏం జరుగుతుందో నేను కళ్లారా చూశాను. మా పిన్ని కూతురికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. పిల్ల ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. లెక్క వేస్తే సూచిక 25.1. భారతీయులకు పెట్టుకున్న గీత 25 గనుక, గీత మీద నిలబడ్డట్టు. చూడవచ్చినవాళ్లు “అమ్మాయి కాస్త లావు” అని పోయారు. పిన్ని ఎవరో చెప్పగా టౌనులో పొట్లం కట్టిన బిళ్లలు తెప్పించింది. వారంలో పిల్ల అన్నం మానేసింది, అందరూ సంతోషించారు. పదో రోజు నిద్ర లేదు, చేతులు వణుకు, గుండె దడ. బస్సులో ఆస్పత్రికి తీసుకుపోయినప్పుడు తోడు నేనే వెళ్లాను.

“ఏం మందమ్మా వేసుకున్నావు?” అన్నారు డాక్టరుగారు.

“పేరు తెలీదండీ. ఆకుమందని యిచ్చారు.”

“ఎవరు రాశారు? చీటీ ఏదీ?”

“చీటీ లేదండీ.”

“మరి నేను దేనికి వైద్యం చెయ్యను తల్లీ?” అన్నారాయన. ఆ మాట కోపంగా అనలేదు. నిజంగానే ఆయనకు తెలియక అన్నారు. ఆకుమందు పేరుతో అమ్మే బిళ్లల్లో నిషేధించిన సిబుట్రమిన్ కలిపినట్టు పలు దేశాల పరీక్షల్లో బయటపడింది. మా చెల్లెలు మింగినదాంట్లో ఏముందో మాత్రం ఎవరికీ తెలియలేదు. రెండు రోజులు వుంచుకుని, నాడి చూస్తూ, సెలైను పెట్టి పంపారు. దేవుడి దయవల్ల కోలుకుంది.

పత్తికి కొట్టే మందు డబ్బా మీద కూడా ముక్కోణం రంగు చూసి మా నాన్న జాగ్రత్త పడతాడు. ఎరుపైతే అతి విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. లీటరు నీటికి ఎన్ని మిల్లీలీటర్లో అడిగిగాని పంపులో పొయ్యడు. చేనుకు చూపించే ఆ జాగ్రత్త యింట్లో ఆడపిల్ల ఒంటికి చూపించలేదే అని ఆ రెండు రోజులూ ఆస్పత్రి వరండాలో అనుకున్నాను.

కొత్త సూదిమందులు

ఇప్పుడు అందరి నోటా వినబడుతున్నవి వారానికి ఒకసారి పొడిచే సూదిమందులు. వీటి పుట్టుక చిత్రమైనది. అమెరికా ఎడారుల్లో వుండే గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో, మన పేగులు స్రవించే జి.ఎల్.పి.1 హార్మోనును పోలిన పదార్థాన్ని జాన్ ఎంగ్ అనే వైద్యుడు 1992లో ప్రకటించాడు. ఆ దారిలో షుగరు మందులూ, వాటి వెంట బరువు తగ్గించే మందులూ వచ్చాయి. 2021లో వెలువడిన సెమాగ్లుటైడ్ పరిశోధనలో 68 వారాలకు సగటున 14.9 శాతం బరువు తగ్గింది. ఉత్తి సూది తీసుకున్నవారిలో 2.4 శాతం. మన దేశానికి 2025 మార్చిలో టిర్జెపటైడ్, జూనులో బరువు తగ్గటానికని సెమాగ్లుటైడ్ వచ్చాయి.

ఇవి అలవాటుపడే మందులు కావు గనుక మత్తుమందుల జాబితాలో లేవు. అయినా చీటీ కావాల్సిందే. సెమాగ్లుటైడ్‌ను వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెలనెలా పెంచుతూ 2.4 దాకా తీసుకుపోతారు. తొందరపడి పెంచితే వాంతులు. క్లోమం వాచే ప్రమాదం కొందరికి వుంది. కుటుంబంలో మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సరు వున్నవారు వాడకూడదు. ఆపేసిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చినట్టు తేలింది. ఊబకాయంతో షుగరు, కీళ్లనొప్పులు తెచ్చుకున్నవారికి ఇది వరమే. పెళ్లిచూపులకు నాలుగు కిలోలు తగ్గటానికి మాత్రం కాదు.

చివరగా

మిత్రులారా, ఊబకాయం సిగ్గుపడవలసిన తప్పు కాదు, వైద్యం చెయ్యదగిన రుగ్మత. మందు కావలసినవాళ్లున్నారు, వాళ్లకు మందు దొరకాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక కాగితం మీద రాసుకు వెళ్లండి. తాగుడు సంగతి, కడుపుతో వున్న సంగతి దాచవద్దు. ‘ఎంతకాలం వాడాలి, ఏ లక్షణం కనబడితే ఆపాలి, ఆపాక ఏం చెయ్యాలి’ అన్న మూడు ప్రశ్నలూ అడగండి. అట్ట మీద ఎర్రగా ‘ఆర్ ఎక్స్’ గుర్తు వున్న మందును చీటీ లేకుండా యిస్తానన్న షాపు నుంచి వెనక్కి తిరగండి. పేరు లేని పొట్లాన్ని అసలే ముట్టుకోవద్దు. చీటీని ఫొటో తీసి దాచుకోండి.

మనం సెలవులకు మన వూళ్లకు వెళ్తాం. ఎన్.ఎస్.ఎస్. క్యాంపులకు వెళ్తాం. అక్కడ రోడ్లు వూడ్చటంతోపాటు, ఒక సాయంత్రం రచ్చబండ దగ్గర చట్టంలోని ఆర్.ఎమ్.పి.కీ బోర్డు మీది ఆర్.ఎమ్.పి.కీ తేడా ఏమిటో, చీటీలో ఏమేం వుండాలో పదిమందికి చెప్పగలిగితే మన సైన్సు చదువు కొంతైనా వూరికి చేరినట్టే. వచ్చే క్యాంపులో ఆ పని నేను చెయ్యదలచుకున్నాను. కలిసివచ్చే మిత్రులకు స్వాగతం.